బాడుగకు ఇల్లడిగిన మా అత్త

మా అత్త పోయింది. ఇంకా నెల కాలేదు. పొద్దున కాఫీ కలిపి తీసుకెళ్లేసరికి మంచం మీద అలాగే ఉంది. నిద్రలోనే గుండె ఆగిందన్నాడు డాక్టరు. అందరికీ ఫోన్లు చేసి చెప్పాను. ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ముందు రోజు ఆమె ఒక్కతే మార్కాపురం వెళ్లి మేం కొనాలనుకుంటున్న ఇల్లు చూసి వచ్చింది. ఎట్లుందత్తా అని అడిగితే, "అలిసిపోయినా అమ్మాయ్, పండుకొని లేచినాక చెప్తా" అన్నది. ఇక లేవలేదు.

ఆ మాట కోసం నేనెందుకంత గింజుకున్నానో చెప్పాలి. మా ఆయన లారీ డ్రైవరు. నడుం దెబ్బతిని ఇక బండి ఎక్కొద్దన్నారు. కొనకనమిట్ల దగ్గరున్న మెట్ట పొలం అమ్మేశాం. ఆ డబ్బుతో మార్కాపురంలో రెండు వాటాల ఇల్లొకటి కొని బాడుగకివ్వాలని మా ఆలోచన. ఆ బాడుగే మా తిండి. పొరపాటు ఇల్లు కొన్నామా, వీధిన పడతాం. పైగా మార్కాపురం జిల్లా అవుతుందన్న మాట వినపడిన దగ్గర్నుంచి ఇళ్లకు పొద్దునొక రేటు, సాయంత్రమొక రేటు. నాకు కాళ్లు నిలవడం లేదు. మా అత్తకు మాత్రం తొందరన్నదే లేదు.

ఆమె పద్ధతే వేరు. కొనేవాళ్లలా పోయేది కాదు. మేం ఇల్లు చూసి, దానిమీద అప్పులేం లేవని ఈసీ తీయించి, కాగితాలు లాయరుకు చూపించి, ఇక అడ్వాన్సు ఇద్దామనుకునే వేళకు చేతిసంచి పట్టుకొని ఒక్కతే బయల్దేరేది. ఆ ఇంటి ముందు నిలబడి, "బాడుగకు ఇల్లుందా నాయనా?" అని అడిగేది. మామ ఉద్యోగం ఆమెను పుల్లలచెరువు నుంచి గిద్దలూరు దాకా తిప్పింది, కాపురమంతా బాడుగ ఇళ్లలోనే జరిగింది. "కొనేటోళ్లకు ఒకటి చెప్తారు, బాడుగకొచ్చినోళ్లకు ఇంకోటి చెప్తారు. నాకా రెండోది వినాలని" అనేది.

ఏ ఇంటికి పోయినా ముందు మంచినీళ్లు అడిగి తాగేది. తర్వాత కుళాయిలన్నీ తిప్పేది. ఇంటికొచ్చాక ఎంత బతిమాలినా పెదవి విప్పేది కాదు, పడుకొని లేచాకే మాట. ఆ రాత్రంతా నేను పక్కమీద దొర్లుతుంటే ఆమె హాయిగా గుర్రు పెట్టేది!

బస్టాండు వైపు చూసిన మొదటి ఇల్లు నాకెంత నచ్చిందో. బాడుగకు జనం ఎగబడతారని ఓనరు మాతో చెప్పాడు. అత్త పోయి వచ్చింది. "నేను బేరమే ఆడలా. కూచోకముందే ఆయనే బాడుగ తగ్గించినాడు. ఎండాకాలం నీళ్లేందయ్యా అంటే, ట్యాంకరు మీరే తెప్పించుకోవాల అన్నాడు. అట్లయితే ఎవరుంటారు ఆ ఇంట్లో?" అన్నది. వదిలేశాం. రెండో ఇంటికి కాగితాలన్నీ శుభ్రం, కళ్లు మూసుకొని కొనుక్కోండి అన్నాడు లాయరు. అత్త బాడుగ మాట ఎత్తగానే పక్క వాటాలోంచి ఓనరు తమ్ముడు వచ్చి, బాడుగ నా చేతికియ్యాల, మా అన్న చేతికి గాదు అన్నాడట. ఆ అన్నదమ్ముల తగవు ఏ కాగితంలోనూ లేదు. నిజమేనని ఒప్పుకున్నాను. ఒప్పుకుంటూనే పళ్లు నూరుకున్నాను.

మార్కాపురంలో కుదరక గిద్దలూరులో చూసిన ఇంటి దగ్గర మాత్రం పరువు పోయింది. అత్త అక్కడ అన్నం కూడా తిని వచ్చింది. ఇల్లు బాగుందని చెప్పింది కదా అని మర్నాడు ఆమెనూ వెంటబెట్టుకొని బేరానికి పోయాం. ఓనరు ఆమెను చూసి, "ఏందక్కా, నిన్న బాడుగకని వచ్చినావు, ఈరోజు కొంటానంటున్నావు. లాటరీ ఏమన్నా తగిలిందా?" అన్నాడు. నేను తల ఎత్తలేకపోయాను. నాకు పరీక్ష పెట్టడానికి వచ్చారా అని ఆయనకు ఒళ్లు మండి, మీకు అమ్మేది లేదు పొమ్మన్నాడు.

తిరిగొస్తూ బస్సులోనే అరిచాను. "ఇట్ల చూసుకుంటా కూచుంటే ఉన్న డబ్బులు తినేసి పండుకోవాల్సిందే అత్తా!" ఆమె తాపీగా పల్లీలు ఒలుస్తూ, "తింటే నీ కడుపులోకే పోతాయి గదమ్మాయ్. ఎండిపోయిన బోరులో పోసేకంటే నయమే" అని నాలుగు గింజలు నా చేతిలో పెట్టింది. విసిరికొడదామనుకున్నాను. తిన్నాను. ఆమె లేకపోతే మొదటి ఇల్లే కొని ఈపాటికి ట్యాంకరు వాడి కాళ్లు పట్టుకొని ఉండేదాన్నని తెలుసు. తెలిసినా కోపం తగ్గేది కాదు.

పెద్దకర్మ అయిన మర్నాడే బ్రోకరు ఫోన్ చేశాడు. అత్త చివరగా చూసొచ్చిన ఇంటికి వేరేవాళ్లు వచ్చారు, ఆదివారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నాడు. నీ ఇష్టం అన్నాడు మా ఆయన. నా ఇష్టమేంటి? చూసినామె చూసి చెప్పకుండా పోయె! బ్రోకరుతో వెళ్లి ఆ ఇల్లు చూసింది మా ఆయన ఒక్కడే కాబట్టి ఓనరమ్మకు నేనెవరో తెలియదు. చేతిసంచి తీసుకొని బస్సెక్కాను.

ఓనరమ్మ పెద్దావిడ, ఒక వాటాలో తనే ఉంటుంది. రెండో వాటాకు తాళం వేసి ఉంది. "బాడుగకు ఇల్లుందా పెద్దమ్మా?" అన్నాను.

"లేదమ్మాయ్. ఈ వాటా ఖాళీనే గానీ ఒకామెకు మాటిచ్చినా. ఇల్లు అమ్మకానికి పెట్టినానంటే, ఎవరు కొన్నా సరే నాకే ఉంచమన్నది. కుళాయిలన్నీ తిప్పి చూసింది. నీళ్లు బాగుండాయని రెండు చెంబులు తాగింది. దొడ్డి గడప మీద గాలికి కూచొని ఎంతసేపటికీ లేవదే!"

"ఎంతమంది ఉంటారంట?"

"కొడుకూ, కోడలూ, తానూ అన్నది. కొడుక్కు నడుం బాగలేదంట, ఇక్కడ మెట్లెక్కే పని లేదని సంబరపడింది. కోడలికి నోరు పెద్దదంట. 'మనసు మంచిది, ఏమనుకోబాకు. నీతో కొట్లాడినా దాన్ని ఖాళీ చేయించబాకు' అని నా చెయ్యి పట్టుకొని మరీ చెప్పింది."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇల్లు బాగుందన్నమాట. ఆ ఒక్క మాట ఆ పూటే నాతో అంటే ఏం పోయేదత్తా నీకు? ఊళ్లోవాళ్లకు చెప్పినావు, నన్ను మంచిదని కూడా చెప్పినావు, నాకు తప్ప!

"ఆ కోడల్ని నేనే పెద్దమ్మా" అన్నాను.

ఆవిడ మొహం విప్పారింది. "అట్లనా! చెప్పవేందమ్మా? మరి మీ అత్త ఏది? వెనకాల వస్తాండాదా?" అంటూ గబగబా తాళంచెవి తెచ్చి, నన్ను దాటుకొని మెట్టు దిగి, వీధి చివరిదాకా చూస్తూ నిలబడింది.