దీవెనమ్మ గారి కువైట్ ఇంగ్లీషు

దీవెనమ్మ గారు మా స్కూల్లో ఆయా. రాజోలు నుంచి దిండి వెళ్లే దారిలో ఉన్న ఇంగ్లీషు మీడియం స్కూలు మాది. చిన్న క్లాసుల పిల్లల్ని బస్సు దించడం, ముక్కులు తుడవడం, డబ్బా విప్పి తినిపించడం, ఏడిస్తే ఎత్తుకోవడం ఆవిడ పని. నేను అక్కడే యూకేజీ టీచర్ని, పేరు ఉమాదేవి. ఎమ్మే ఇంగ్లీషు, బీయీడీ. గొప్పకి చెప్పడం లేదు, నా తప్పు ఎంతటిదో మీకు తెలియాలని చెబుతున్నాను.

ఆవిడ పద్నాలుగేళ్లు కువైట్లో ఒకే ఇంట్లో పని చేసింది. ఆ ఇంటి పిల్లలు ఐదుగురూ ఆవిడ చేతుల్లోనే పెరిగారు. సొంత కూతురు సుప్రియని మాత్రం నాలుగేళ్లప్పుడు తన తల్లి దగ్గర వదిలి విమానం ఎక్కింది. తిరిగి వచ్చేసరికి ఆ పిల్ల అమలాపురంలో నర్సింగు కాలేజీకి వెళ్తోంది. భర్త ఎప్పుడో పోయాడు. "ఇంక ఎక్కడికీ ఎల్లనండి. ఈ చదువు అయ్యేదాకా అయినా దానికి నా చేత్తో అన్నం పెట్టుకుంటానండి" అని చేరిన రోజే నాతో అంది. ఆయా జీతంతో ఇల్లు బొటాబొటిగా నడుస్తుంది. అదీ పోతే మళ్లీ కువైటే. వీసా ఉంది, వస్తావా అని ఏజెంటు బుల్లబ్బాయి నెలకోసారి ఫోన్ చేస్తూనే ఉండేవాడు.

మా స్కూల్లో గేటు దాటి లోపలికి వస్తే పిల్లల ఎదుట తెలుగు మాట్లాడకూడదు. ఆయాలకీ అదే రూలు. మిగతా ఇద్దరు ఆయాలు కమ్, సిట్, గో అనే మూడు ముక్కలతో నెట్టుకొచ్చేవారు. దీవెనమ్మ గారికి ఆ బాధ లేదు. మొదటి వారమే, బస్సు దిగి గుక్కపట్టిన నర్సరీ పిల్లాణ్ణి చంకనేసుకుని, "నో క్రై హబీబీ. మామా వర్క్. వర్క్ ఖల్లాస్, మామా కమ్. నౌ యూ ఈట్, మీ ఈట్, సేమ్ సేమ్" అంటూ వాడి డబ్బాలోని ఇడ్లీ ఓ ముక్క తన నోట్లో, ఓ ముక్క వాడి నోట్లో పెట్టింది. బంగారమంటోందని, పని అయిపోగానే అమ్మ వస్తుందంటోందని అర్థమైందో ఏమో, వాడు ఏడుపు ఆపి నమిలాడు. నేను నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్నాను.

మా కరస్పాండెంటు సుబ్బరాజు గారు మాత్రం మురిసిపోయారు. అడ్మిషన్లకి వచ్చినవాళ్లకి ఆవిణ్ణి చూపించి, "మా ఆయాలు కూడా ఇంగ్లీషే మాట్లాడతారండీ" అనేవారు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని ఓ రోజు అడిగాను.

"అక్కడ వంటకి ఫిలిప్పీన్ పిల్లండి, డ్రైవరు శ్రీలంక ఆయనండి, మేడమ్ అరబ్బండి, నేనేమో మన రాజోలండి. ఒకళ్ల భాష ఒకళ్లకి రాదు గదండీ. అందరం కలిసి వండుకున్నామండి దీన్ని."

ఈ మాట స్టాఫ్ రూములో చెప్పి అందరినీ నవ్వించాను. నా ఇంగ్లీషుకి అప్పటిదాకా తెలుగు రాని మనిషితో ఒక్కసారి కూడా పని పడలేదు. ఆ సంగతి మాత్రం నాకు తట్టలేదు, చూశారా!

దసరా సెలవుల్లో గొడవ వచ్చింది. ప్రశాంతి అని, హైదరాబాదు కంపెనీకి ఇంటి దగ్గర్నుంచే పని చేసుకునే అమ్మాయి. ఆవిడ కొడుకు నర్సరీ. వాడు తాగేసిన పాల గ్లాసు బోర్లించి అమ్మమ్మతో "మిల్క్ ఖల్లాస్. యూ గో. ఆఫ్టర్ కమ్" అన్నాడు. అమ్మమ్మ పకపకా నవ్వింది. ప్రశాంతి నవ్వలేదు. వాడిచేత మళ్లీ అనిపించి, వీడియో తీసి స్కూలు వాట్సాప్ గ్రూపులో పెట్టి, "ఇంత ఫీజు తీసుకుని పిల్లలకి పనిమనుషుల భాష నేర్పుతున్నారా?" అని కింద రాసింది. ఇక చూడండి, గ్రూపంతా కోపం మొహాలు. జూన్లో నోరే విప్పని పిల్లాడు గుక్కతిప్పుకోకుండా మూడు మాటలు చెప్పాడని ఒక్కరికీ తోచలేదు. నేనూ ఓ కోపం మొహం పెట్టానేమో గుర్తు లేదు. పెట్టే ఉంటాను.

సెలవులయ్యాక సుబ్బరాజు గారు దీవెనమ్మ గారినీ నన్నూ ఆఫీసు గదికి పిలిచారు.

"చూడండి దీవెనమ్మ గారూ, మీ ఇంగ్లీషు పేరెంట్సు ఒప్పుకోవడం లేదు."

"ఆయ్, తెలుగులోనే మాట్లాడతానండి."

"తెలుగు రూలు ఒప్పుకోదు కదమ్మా."

"మరి నేనేం మాట్లాడాలండీ?"

"కొన్నాళ్లు ఏమీ మాట్లాడకండి. ఉమాదేవి మేడమ్ మీకు మంచి ఇంగ్లీషు నేర్పుతారు. నెల తర్వాత పేరెంట్సు ముందు ఓసారి మాట్లాడించి చూద్దాం. నచ్చిందా, ఉంటారు. నచ్చకపోతే ఇంక నా చేతుల్లో ఏమీ లేదు."

ఆ నెలంతా ఆవిడ మూగదానిలాగే పని చేసింది. పిల్లలు ఆవిడ గడ్డం పట్టుకుని అటూ ఇటూ ఊపేవారు. ఆవిడ వేలితో డబ్బా చూపించేది, వేలితో బాత్రూము చూపించేది. నర్సరీలో ఏడుపు పెరిగింది. అలవాటైపోతుందిలే అనుకున్నాం.

సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక నా పాఠం. ఆయా పనికి కావలసిన వాక్యాలు ముప్పై రాసి, అట్ట మీద అంటించి ఇచ్చాను. వాటికి నంబర్లు వెయ్యమని ఆవిడే అడిగింది. చర్చిలో వాక్యాలు కంఠతా పట్టిన అలవాటుతో గట్టిగా, నంబరుతో సహా అప్పజెప్పేది. ఒక్క పదకొండో వాక్యం దగ్గరే ఆగింది. ప్లీజ్ డోంట్ క్రై, డియర్, యువర్ మమ్మీ విల్ కమ్ ఇన్ ది ఈవెనింగ్.

"సాయంత్రం అని తప్పకుండా అనాలాండీ?"

"అనాలండీ. ఎప్పుడొస్తుందో చెప్పకపోతే పిల్ల ఊరుకోదు కదా."

"కొంతమంది అమ్మలు రారు కదండీ" అంది.

"అబ్బబ్బ, ముందు నేర్చుకోండి. అవన్నీ తర్వాత చూద్దాం" అని విసుక్కున్నాను. ఆవిడ మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

పరీక్ష బ్రహ్మాండంగా జరిగింది. ప్రశాంతి కూడా చప్పట్లు కొట్టింది. బయటికి వచ్చాక దీవెనమ్మ గారు నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నా ఎదురుగానే బుల్లబ్బాయికి ఫోన్ చేసి, "నా పేరు కొట్టేసుకో బాబూ, నేను రావట్లేదు" అని చెప్పింది. ఆ రోజు నేను గాల్లో తేలిపోయానంటే నమ్మండి.

ఆ తర్వాతి సోమవారమే యూకేజీలో కొత్తగా జాయ్ అనే పాప చేరింది. ఎల్కేజీ రావులపాలెంలో చదివింది, ఇంగ్లీషు బాగా అర్థమవుతుంది. నాయనమ్మ గేటు దగ్గర వదిలి వెళ్లగానే వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టింది. దీవెనమ్మ గారు వెళ్లి ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"మా మమ్మీ కువైట్ ఎల్లిపోయింది" అంది జాయ్.

వరండాలో సుబ్బరాజు గారు నిలబడి ఉన్నారు. కొడుకుని దింపడానికి వచ్చిన ప్రశాంతి పక్కనే ఉంది. ఇద్దరూ ఇటే చూస్తున్నారు. దీవెనమ్మ గారు తలెత్తి నా మొహంలోకి చూసింది. నాకూ భయమే. నేర్పినది నేనే కదా, పోతే ఇద్దరి పరువూ పోతుంది. కానివ్వండి అన్నట్టు తలూపాను.

"ప్లీజ్ డోంట్ క్రై, డియర్. యువర్ మమ్మీ విల్ కమ్ ఇన్ ది ఈవెనింగ్."

ఒక్క తప్పు లేదు. వరండాలోంచి "వెరీ గుడ్" అని వినిపించింది. జాయ్ ఏడుపు ఠక్కున ఆపేసింది. "ఈవెనింగా?" అని రెండుసార్లు అడిగి, కళ్లు తుడుచుకుని లోపలికి వచ్చింది. ఆ రోజంతా క్లాసులో దానంత బుద్ధిగా ఉన్న పిల్ల లేదు.

సాయంత్రం నాయనమ్మ వస్తే జాయ్ కదల్లేదు. గేటు ఊచలు పట్టుకుని, "మమ్మీ వస్తాదంట. మిస్ చెప్పింది" అంది. మా ఆయాని మిస్ అని పిలిచిన మొదటి పిల్ల అది.

"ఎవరండీ చెప్పింది? రెండేళ్లదాకా రాదు గదండీ దీని తల్లి!" అంది ముసలావిడ బిత్తరపోయి. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, పిల్లని ఎత్తుకుని ఆటోలో కూలేసింది. ఆ ఏడుపు మలుపు తిరిగేదాకా వినిపిస్తూనే ఉంది. నా ఎమ్మే, నా బీయీడీ మీద నాకే అసహ్యం వేసింది.

దీవెనమ్మ గారు గేటు బయటికి వచ్చింది. అక్కడ తెలుగు మాట్లాడొచ్చు.

"మా సుప్రియకీ మా అమ్మ రోజూ ఇలాగే చెప్పేదంటండి, అమ్మ సాయంత్రం వచ్చేస్తాదని. పెద్దయ్యేక అది నాతో అంది. ఆ ఒక్క మాట ఏ పిల్లకీ చెప్పకూడదనుకున్నానండి నేను."

"నన్ను క్షమించండి దీవెనమ్మ గారూ" అన్నాను.

"మీరేం చేస్తారండీ, నాకు ఉద్యోగం కావాలి" అంది. మొహం కొంగుతో తుడుచుకుని, సంచిలోంచి అట్ట తీసి నా చేతిలో పెట్టింది. "రేపు ఆ పిల్ల మళ్లీ వస్తాదండి. ఏం చెప్పమంటారో మీరే రాసివ్వండి."