క్లోమం లేని జిల్లా

మా గదిలో రెండు పార్టీలుండేవి. కాఫీ పార్టీకి నాయకుణ్ణి నేనే, కార్యకర్తనూ నేనే. మిగతా గదంతా చాయ్ పార్టీ.

ఎనభైల మొదట్లో మాట. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఇనుప గేట్లు, నీళ్ల ట్యాంకులు చేసే ఒక వర్క్‌షాప్‌లో నేను స్టోర్‌కీపర్ని. పొద్దున వెల్డింగ్ రాడ్లు, గ్లౌజులు, కళ్లద్దాలు లెక్కపెట్టి ఇవ్వడం, సాయంత్రం మిగిలినవి తీసుకోవడం, పోయినవాటికి, మేం ముదీర్ అనే మేనేజర్ చేత తిట్లు తినడం నా ఉద్యోగం. మాది అమలాపురం దగ్గర పల్లె. గదిలో మిగిలినవాళ్లంతా సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. వాళ్లందరికీ పెద్ద మా వెల్డింగ్ మేస్త్రి, నాకన్నా పదేళ్లు పెద్దవాడు. నేను ‘మేస్త్రిగారూ’ అంటే, “గారు ఏందిర, నేనేమన్న తాసిల్దార్నా?” అని నవ్వేవాడు. నన్ను ‘తమ్మీ’ అనేవాడు. కోపమొస్తే ‘ఆంధ్రోడా’ అనేవాడు. ప్రేమొచ్చినా అదే అనేవాడు కాబట్టి నేను పట్టించుకోవడం మానేశాను.

కాఫీ దగ్గర మాత్రం ఊరుకునేవాణ్ణి కాదు. ఇంటినుంచి ఇత్తడి ఫిల్టరు తెచ్చుకున్నాను. పొడి, సెలవునుంచి తిరిగొచ్చే మా వైపు వాళ్లచేత తెప్పించుకునేవాణ్ణి. పొద్దున్నే లేచి నీళ్లు మరిగించి, ఫిల్టరులో పోసి, డికాక్షన్ దిగేదాకా దాని పక్కనే కాపలా కూర్చునేవాణ్ణి.

“తమ్మీ, నీ కషాయం కారేలోపల నేను ఓ గేటు అతికిచ్చి అత్త,” అనేవాడు మేస్త్రి.

“ఓపిక పట్టాలండీ. అన్నీ ఒకే గిన్నెలో పడేసి ఉడకబెడితే మా వైపు దాన్ని పప్పంటారు.”

“పప్పుల చక్కెర ఎవడేత్తడుర?”

“మీరేస్తున్నారుగా!”

ఇక చూడండి, గదంతా నా మీద పడిపోయేది.

మేస్త్రి చేతిలో ఎప్పుడు చూసినా బీడీ ఉండేది. ఆయన భార్య ఇంటి దగ్గర బీడీలు చుట్టేది. ఆ వైపు ఊళ్లలో ఆడవాళ్లకు అదే పెద్ద పని. సెలవుకెళ్లినవాడు ఎవడైనా సరే, తిరిగొచ్చేటప్పుడు ఆవిడ దగ్గరకెళ్లి బీడీ కట్టలు మోసుకురావాల్సిందే. కట్ట విప్పగానే మేస్త్రి ముందు వాసన చూసేవాడు. తర్వాత దారం చూసి, “గిది ఆమె కట్టిన ముడే,” అని మురిసిపోయేవాడు. పక్కింటావిడ చుట్టినవి నాలుగు కలిస్తే ఇట్టే పట్టేసేవాడు. పెళ్లాం చేతి వంట కోసం బెంగపడ్డవాళ్లను చాలామందిని చూశాను గానీ, పెళ్లాం చేతి బీడీ కోసం బెంగపడ్డ మనిషిని ఆయన్నొక్కణ్ణే చూశాను. ఎవరైనా దుబాయ్ సిగరెట్ ఇవ్వబోతే, “నాకు సిగరెట్ అలవాటు లేదు,” అని గొప్పగా చెప్పేవాడు.

ఒక శుక్రవారం నా నోటి దురదే నా కొంప ముంచింది. ముదీర్ చదివి పడేసిన ఇంగ్లీషు పేపర్లు సామాన్లు చుట్టడానికి స్టోర్‌కి వచ్చేవి. వాటిలో నాలుగు ముక్కలు చదివి గదిలో తెలుగులో చెప్పడం నాకు అలవాటు. ఇంగ్లీషు వచ్చినవాణ్ణని కాస్త పోజు. ఆ రోజు అందరూ భోంచేసి మంచాల మీద వాలారు. నేను పేపర్ విప్పి, “క్లోమానికొచ్చే కాన్సర్ గురించి రాశారండోయ్!” అని మొదలుపెట్టాను. ముందు చదువుకుని తర్వాత చెప్పాల్సినవాణ్ణి, చదువుతూ చెప్పాను. ఆ జబ్బుతో చనిపోయేవాళ్లు కొన్ని దేశాల్లో ఎక్కువట, కొన్నిట్లో తక్కువట. డబ్బున్న దేశాల్లో ఏటికేడు పెరుగుతూ వస్తోందట. మన దేశంలో తక్కువేనట. ఎందుకిలా అని పెద్ద పెద్ద డాక్టర్లు తలలు పట్టుకుని, చివరికి ఒకదాన్ని అనుమానిస్తున్నారట.

ఆ ఒక్కటీ ఏమిటో కింది వరసలో ఉంది. చూసి ఠక్కున నోరు మూసుకున్నాను.

“దేన్నిర?” అన్నాడు మేస్త్రి.

“ఏదో లెండి, తిండీ తిప్పలూ...”

“సక్కగ సదువు.”

పక్క మంచం అతను నా చేతిలోంచి పేపర్ లాక్కున్నాడు. అతనికి ఇంగ్లీషు ముక్క రాదు. కానీ కాఫీ అన్న అక్షరాలు నా పొడి డబ్బా మీద రోజూ చూస్తున్నాడు కదా. “కాఫీ! అన్నా, కాఫీ అని ఉన్నది!” అని అరిచాడు.

చాయ్ పార్టీ మొత్తం మంచాల మీద లేచి నిలబడింది. ఒకతను గిన్నె మీద గరిటెతో దరువేశాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గోల తగ్గాక మేస్త్రి అడిగాడు. “ఇంతకు క్లోమం అంటే ఏంది? ఏడుంటది?”

బడిలో చదివింది గుర్తు తెచ్చుకుని, పొట్టకు వెనకాల, వెన్నుకు ముందు అని నా ఒంటి మీదే చూపించాను. ఆయన తన పొట్ట అటూ ఇటూ తడుముకున్నాడు. “మా దిక్కు మనుషులకు గా సామాన్ లేదు తమ్మీ. నేను పుట్టినకాంచి దానితోటి ఒక్కడు సచ్చింది ఇనలే,” అన్నాడు.

“మరి మీ ఊళ్లో దేంతో పోతారండీ?”

“కామెర్లు, కడుపునొప్పి, ముసలితనం. మంచి మంచి రోగాలున్నయి మాకు. గిసొంటియి లేవు.”

అంతటితో వదిలితే మేస్త్రి ఎందుకవుతాడు? మర్నాడు వర్క్‌షాప్‌లో ఒక రేకు మీద సుద్దముక్కతో మ్యాప్ గీశాడు. పై నుంచి కిందికి వంకరగా గోదారి గీసి, అందరినీ పిలిచాడు. “సూడుండ్రి. గీడ మా దిక్కు పారేటప్పుడు ఇవి నీళ్లే. కిందికి ఈని కాడికి అచ్చేటాళ్లకు కాఫీ అయితున్నయి.” తన జిల్లా మీద పెద్ద సున్నా చుట్టాడు. మా జిల్లా మీద ఇంటూ కొట్టాడు. తెలుగు రాని పఠాన్ డ్రైవర్ కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంతలో ముదీర్ “యల్లా, యల్లా!” అంటూ వచ్చేసరికి అందరూ చెదిరిపోయారు. ఆ రేకును కోసి ఎవరింటి నీళ్ల ట్యాంకుకో అతికేశారు. నేను పంతానికి ఆ వారమంతా రోజుకు రెండు కప్పులు ఎక్కువ తాగాను.

తర్వాతి ఎండాకాలంలో మేస్త్రి నడుం పట్టుకున్నాడు. ట్యాంకు ఎత్తుతుంటే పట్టేసిందన్నాడు. తిండి సయించడం లేదన్నాడు. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకు మేకుతో కొత్త కన్నం పొడిచాడు, కొన్నాళ్లకు దాని పక్కనే మరొకటి. ఆ తర్వాత ఒళ్లంతా దురద, కళ్లు పసుపు పచ్చ. గదిలో అందరూ ఒక్క మాటే అన్నారు: కామెర్లు. ఉప్పు మానెయ్యమని ఒకరు, నూనె మానెయ్యమని ఇంకొకరు. మేస్త్రికైతే అసలు దిగులే లేదు. “ఊరికి పోయి పసరు పోయించుకుంటే మూడు దినాలల్ల ఖలాస్,” అన్నాడు.

నాకు మాత్రం అవి ఉత్త కామెర్లలా అనిపించలేదు. నొప్పి ఎక్కడా అని అడిగితే ఆయన చెయ్యి పెట్టింది, ఆ శుక్రవారం నేను నా ఒంటి మీద చూపించిన చోటే.

“హాస్పిటల్‌కి పదండి,” అన్నాను.

“నేను కాఫీ తాగుతనార? మా జిల్లల గది లేదని సెప్పిన గద.”

నాకు ఒళ్లు మండిపోయింది. “జిల్లా సంగతి తర్వాత చూద్దాం, ముందు చొక్కా తొడుక్కోండి!” అని అరిచాను. ఆయన మీద నేను అరవడం అదే మొదలు. నోరెత్తకుండా తొడుక్కున్నాడు.

హాస్పిటల్లో డాక్టర్ హైదరాబాద్ ఆయన, మాతో ఉర్దూలో మాట్లాడాడు. రక్తం తీశారు, మెషిన్ పెట్టి పొట్ట లోపలికి చూశారు. అన్నీ అయ్యాక మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి అలవాట్లు అడిగాడు. మందు తాగుతావా అంటే పండక్కి తాగుతానన్నాడు మేస్త్రి. కాఫీ తాగుతావా అనగానే మొహం వెలిగిపోయింది.

“తోబా తోబా సాబ్! ఏ పీతా,” అని, తాగేది వీడే అన్నట్టు నన్ను చూపించాడు.

“సిగరెట్?”

“నై సాబ్.”

నేనిక ఆగలేకపోయాను. “బీడీలు తాగుతాడండీ, పొద్దస్తమానం!” అన్నాను.

“బీడీ సిగరెట్ ఎట్లయితదిర?” అని నా మీద గయ్యిమన్నాడు.

డాక్టర్ నవ్వలేదు. క్లోమం తల దగ్గర గడ్డ ఉందన్నాడు. అది పిత్తం దారికి అడ్డంపడ్డందుకే కళ్లు పచ్చబడ్డాయన్నాడు. వెంటనే హైదరాబాద్ వెళ్లి పెద్దాసుపత్రిలో చూపించుకోమన్నాడు. బాగా ఆలస్యమైందన్న మాట ఇంగ్లీషులో నాకొక్కడికే చెప్పాడు.

నేను సిగ్గు విడిచి, పేపర్లో వచ్చిన కాఫీ సంగతి అడిగాను. “అది అనుమానమే. కాఫీ కప్పు పట్టుకున్నవాళ్లలో చాలామంది రెండో చేతిలో సిగరెట్ ఉంటుంది కదా,” అన్నాడాయన. “పొగాకు మాత్రం అనుమానం కాదు.” వాళ్ల జిల్లాలో ఈ జబ్బుతో ఎవరూ పోలేదంటున్నాడండీ అంటే, కామెర్లతో పోయినవాళ్ల పొట్ట లోపల అక్కడ ఎవరు చూశారని ఎదురడిగాడు. మేస్త్రికి ఉర్దూ నాకన్నా బాగా వచ్చు. అంతా విన్నాడు.

తిరుగు దారిలో పికప్ వెనకాల కూర్చున్నాం.

“తమ్మీ, ఒక్క ముచ్చట. బీడీ సంగతి మా ఇంట్ల తెల్వద్దు.”

“ముందు ఆపరేషన్ సంగతి ఆలోచించండి మేస్త్రిగారూ!”

“గది డాక్టర్ సూస్తడు. గిది నువ్వు సూడాలె. గవన్ని ఆమె సుట్టినయి. రేపు నేను పోతే జిందగంత తన చేతులు సూస్కుంట కూసుంటది.”

నాకు ఏడుపు ఆగలేదు. మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాను. ఆయన నా వీపు మీద ఒక్కటి చరిచి, “ఏడ్వకుర ఆంధ్రోడా, పోయి జెర కాఫీ తాగు,” అన్నాడు.

మాకు వీసా ఇచ్చిన కఫీల్ దగ్గరున్న పాస్‌పోర్టు ముదీర్ వెళ్లి తెచ్చిపెట్టాడు. మేస్త్రి వెళ్లిపోయాడు. హైదరాబాద్‌లో పొట్ట కోసి చూసి, పిత్తానికి వేరే దారి చేసి, గడ్డను ముట్టుకోకుండానే కుట్టేశారని ఊళ్లనుంచి వచ్చినవాళ్లు చెప్పారు. కొన్ని నెలలకు నాకు సెలవు వచ్చింది. బొంబాయిలో దిగి, ఇంటికి పోకుండా ముందు సిరిసిల్ల బస్సెక్కాను.

మేస్త్రి వసారాలో నులక మంచం మీద ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. పక్కనే గోడకానుకుని ఆయన భార్య, ఒళ్లో చేట, చేటలో తునికాకు, పొగాకు. షార్జానుంచి వచ్చాను, స్టోర్‌కీపర్ని అని చెప్పగానే తలెత్తింది.

“గోదావరి తమ్మివి నువ్వేనా?”

“అవును వదినా.”

“ఈనకు కాఫీ తాపింది నువ్వేనా?”

నేను తెల్లబోయి మేస్త్రి వైపు చూశాను. ఆయన ఇంటికప్పు పెంకుల్ని మహా శ్రద్ధగా చూస్తున్నాడు.

“ఈడ ఉన్నన్నాళ్లు ఈన కాఫీ మొకం సూడలే. ఆడికి పోయినంక పొద్దుగాల్ల ఓ గిలాస, పొద్దూకి ఓ గిలాస పోసి అలవాటు చేస్తివట. కాఫీతోటి గీ రోగం అత్తదని పేపర్ల పడ్డదట గద, నువ్వే సదివి సెప్పినవట గద! సదివి గూడ ఎట్ల పోసినవ్ తమ్మీ? నీకు మనసెట్ల అచ్చింది?”

ఆ మహానుభావుడు నా కాఫీ చుక్క కూడా ముట్టలేదు. కాఫీని ఎవరేమన్నా పడని మనిషిని నేను, రోషం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆవిడ ఏడుస్తూ తిడుతూ కూడా చేతులు ఆపలేదు. ఆకులో పొగాకు వేసి చుడుతోంది, దారం కట్టి చేటలో పడేస్తోంది, మళ్లీ ఆకు తీస్తోంది. ఆ చేతుల్ని చూస్తూ ఇంకో మాట ఎలా వస్తుంది?

“అవును వదినా, నేనే పోశాను,” అన్నాను. “తప్పయిపోయింది.”

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. “ఇగ నువ్వన్న ఇడ్శిపెట్టు. పెండ్లాం పిల్లలు గలోనివి. ఈన మీద ఒట్టెయ్యి,” అంటూ మేస్త్రి చెయ్యి తీసి నా చేతిలో పెట్టింది. ఒట్టేశాను. మేస్త్రి అప్పుడు నా వైపు తిరిగాడు. కళ్లనిండా నీళ్లు, పైగా నవ్వు ఆపుకోలేక పెదాలు బిగబట్టాడు.

“ఇగ మనోడయిండు. తమ్మికి చాయ్ పెట్టు,” అన్నాడు.

ఆవిడ లోపలికెళ్లాక, “మాఫ్ చెయ్యిర, యాదికచ్చిన పేరు నీదే,” అని గుసగుసలాడాడు. ఇది మరీ అన్యాయమండీ, అన్నాను. నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే కుట్లు నొప్పి, నవ్వించకని నన్నే బతిమాలాడు.

ఆ చలికాలం దాటకుండానే ఆయన పోయాడు. ఊరివాళ్ల లెక్కలో కామెర్లు, భార్య లెక్కలో కాఫీ.

కాఫీ మీద ఆ అనుమానం తర్వాత్తర్వాత డాక్టర్లే వదిలేశారు. మా అమ్మాయి ఆ సంగతులన్నీ చదివి వినిపించి, ఒక్క కప్పు తాగు నాన్నా అని కప్పు ముందు పెడుతుంది. నాకు నోరూరుతుంది కూడా, అబద్ధమెందుకు? కప్పు వెనక్కి తోసేస్తాను. వదిన ఇంకా ఉంది. చూపు ఆనక బీడీలు మానేసింది. అప్పుడప్పుడు ఫోన్ చేసి, పిల్లలూ వానలూ మోకాళ్లూ అన్నీ అయ్యాక, పెట్టేసే ముందు అడుగుతుంది.

“తమ్మీ, కాఫీ తాగుతలేవు గద?”

“లేదు వదినా.”

“నీ మీద నాకు కోపం లేదు తియ్యి. తెల్వక పోసినవ్, నీ తప్పేమున్నది?” అని నన్ను ఓదారుస్తుంది.