బావి ఉన్న చోట పచ్చరంగు

సముద్రాన్ని కళ్లతో చూడకముందే దాని ఒడ్డు గీశాను. చెబితే నవ్వుతారు. కోరుట్ల నుంచి రోజూ బస్సులో జగిత్యాల పోయి, ఒక మేడ మీది చిన్న ఆఫీసులో కూర్చుని, ఉపగ్రహం తీసిన ఫొటోల మీద మౌసుతో గీతలు లాగడం నా ఉద్యోగం. పాత ఫొటోలో నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో ఒక గీత, కొత్త ఫొటోలో ఎక్కడిదాకా ఉన్నాయో ఇంకో గీత. సముద్రం ముందుకొచ్చి నేలను కోసేసిన ఊరికి ఎరుపు, నేల పెరిగిన ఊరికి పచ్చ. ఎరుపు పడ్డ ఊళ్లకే ముందుగా రాళ్ల కట్ట వేస్తారని, తుఫానుకు తట్టుకునే ఇళ్లిస్తారని మాకు చెప్పారు.

ఆ పని నాకు నేర్పింది మా ఇన్‌చార్జి. అందరం అన్న అనేవాళ్లం. మౌసు పట్టుకోవడం రాని నన్ను ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. సాయంత్రాలు తెలంగాణ దీక్షా శిబిరంలో మైకు పట్టుకుంటే ఇక చూడాలి! "మన ఊర్లను ఎన్నడన్న లెక్కల వెట్టిన్రా? కాయితం మీద మంచిగున్నయని రాసి మనల్ని ఎండవెట్టిన్రు" అనేవాడు. నాకు ఒళ్లు జలదరించేది. రోడ్డు మీద వంటావార్పు జరిగిన రోజు ఇంట్లోంచి బియ్యం మోసుకెళ్లి ఆయన చేతికిచ్చాను. సొంత అన్న ఉన్నా అంతగా నమ్మేదాన్ని కాదేమో.

ఒక మత్స్యకారుల ఊరికి నేను పచ్చ వేశాను. కొత్త ఫొటోలో నీళ్లు చాలా వెనక్కి ఉన్నాయి మరి. మా దగ్గర ఎండాకాలం చెరువు నీళ్లు వెనక్కి పోతే, తేలిన నేలలో దోస పెడతారు. వానలు పడేదాకా అది నేలే. సముద్రమూ అంతే అనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది! తర్వాత ఆ ఊరి నుంచి సర్వేవాళ్లు తీసిన ఫొటో వచ్చింది. అలల మధ్య సిమెంటు వరలతో ఒక మంచినీళ్ల బావి నిలబడి ఉంది. ఒడ్డున బిందె పట్టుకుని ఒకావిడ. నేల పెరిగిందని నేను గీసింది సరిగ్గా అక్కడే. పుస్తకాలు తిరగేస్తే తెలిసింది, సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి రెండుసార్లు వెనక్కి పోతుందట. పాత ఫొటో పోటులో తీసింది, కొత్తది ఆటులో తీసింది.

గీత మళ్లీ గీసి, ఎరుపు వేసి, బావి ఫొటోతో సహా అన్నకు చూపించాను.

"మంచిగ వట్టినవ్ చెల్లె. పంపేటప్పుడు నేను మారుస్త, నువ్వు పరేశాన్ గాకు" అన్నాడు.

ఆ తర్వాత సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. నెల దాటాక ఆఫీసుకెళ్లి, పంపేసిన పటం తెరిచాను. ఆ ఊరు పచ్చగానే ఉంది. కింద 'సరిచూసినవారు' అన్న గడిలో నా పేరు. అంతకుముందు ఆ గడిలో ఎప్పుడూ ఆయన పేరే ఉండేది.

ఉరుక్కుంటూ శిబిరానికి పోయాను.

"ఎందుకు మార్చలేదన్నా? మారుస్త అంటివి గదా!"

"ఒక్క ఊరు మారిస్తే మొత్తం మల్ల జూడుమంటరు. టైమేడిది?" అన్నాడు. నేను కదలకపోయేసరికి గొంతు తగ్గించాడు. "అయినా గది ఆంధ్రోళ్ల ఊరు. మునిగితే మనకేంది చెల్లె?"

"మరి నా పేరెందుకు వెట్టినవ్?"

మైకు అందుకున్నాడు. మళ్లీ అదే, కాయితం మీద మంచిగున్నయని రాసిన్రనే మాట. చప్పట్లు మోగాయి. ఛీ, ఇన్నాళ్లూ నేనూ ఇట్లాగే చప్పట్లు కొట్టానా అని ఏడుపొచ్చింది. తెలంగాణ రావాలని నాకూ ఉంది. కానీ మా నీళ్లు ఎత్తుకుపోయింది ఆ బిందె పట్టుకున్నావిడ కాదు కదా!

సరిచేసిన పటాన్ని పై ఆఫీసుకు నేనే పంపి, ఫోన్ చేశాను. అవతలి మనిషి మర్యాదగానే విన్నాడు. కాగితాలు తిప్పిన చప్పుడైంది.

"ఈ ఊరికి ప్రమాదం లేదని సరిచూసింది మీరే కదమ్మా? ఇక్కడ మీ పేరే ఉంది. ఇప్పుడు మీరే కాదంటే ఎలా? కట్టలు వేసే ఊళ్ల జాబితా వెళ్లిపోయింది" అన్నాడు.

ఆ పేరు నాదే. కాదని ఎట్లా అంటాను?