రందాకు పడ్డ బొటనవేలి గుంత

వనపర్తిలో ఓ కొత్త హోటల్ గోడకు పాత రందాను వేలాడదీశారు. చెక్కను నునుపు చేసే ఆ పనిముట్టుకు వార్నిష్ కొట్టి, బొటనవేలి గుంతను లప్పంతో పూడ్చేశారు. ఆ వాసనకే నాకు ఒళ్లు మండింది.

మా తాత వడ్రంగి. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆయన రందాకున్న అలాంటి గుంతనే చూసి, పాడైందనుకుని లక్కతో నింపాను. మెచ్చుకుంటాడని ఎదురుచూశాను కూడా.

"ఏం జేసినవే పిల్లా! మా నాయిన ఏలు పెట్టంగ పెట్టంగ పడ్డ గుంత గది. ఇగ నా ఏలు యాడ పెట్టాలె?"

"మంచిగ జేస్తే తిడ్తవేంది తాతా!" అని అలిగి అన్నం మానేశాను, ఒక్కపూటే లెండి. తాత ఉలి మొనతో లక్క గీకుతూ కూర్చున్నాడు.

హోటలాయన్ను కడిగిపారేద్దామని లేచాను. "బాగు చేయించినం మేడమ్, మంచిగుందా?" అన్నాడు, మెప్పు కోసం చూస్తూ.

తిట్టలేకపోయాను. వంటింట్లో సన్న చాకు ఉందా అని అడిగాను.