కిష్టయ్య సేటు ముద్దుల గిరాకి

పాప మొదటిసారి బడికి వెళ్ళే రోజని, రాత్రే శనగలు నానబెట్టాను. పొద్దున గిన్నె మూత తీయగానే ఆ పచ్చి వాసన గుప్పుమంది. పక్కన బెల్లం తుంచుతుంటే కిష్టయ్య సేటు గుర్తొచ్చాడు. సిరోంచలో మా పుట్టింటి పక్కనే ఆయన కిరాణా దుకాణం. శనగల బస్తా దిగితే మంచీచెడ్డా తేల్చేది ఆయన కాదు, చాందిని. చాందిని ఆయన ఆడగుర్రం. ఇంట్లో అందరూ వద్దన్నా సంతలో కొనుక్కొచ్చాడు. పెళ్ళి ఊరేగింపులకు ఇస్తానని పైకి చెప్పేవాడు గానీ, అసలు సంగతి ఆయనకు గుర్రమంటే పిచ్చి.

నేను అహేరిలో డిగ్రీ ముగించుకుని వచ్చిన ఎండాకాలంలో చాందిని వీపు మీద జీను వేయనిచ్చేది కాదు. సేటు జీనును నేల మీద పెట్టి, పక్కన పీట వేసుకుని కూర్చునేవాడు. అది వచ్చి వాసన చూసి, బుసకొట్టి వెళ్ళిపోయేది. ఆయన నవ్వుకునేవాడు. చూసి చూసి నాకే విసుగొచ్చింది.

"ఎత్తి మీద ఏస్తే అయిపాయె గద కాక," అన్నాను.

"దుకాణంలకు గిరాకొస్తే చెయ్యి పట్టి గుంజుతమా బిడ్డా? సరుకు చూపెట్టి ఊకుంటం. ఇయ్యాల కాకుంటే రేపొస్తది. జీనంటే దానికేం ఎర్క? వీపు మీదికి పులి దుంకిందనుకుంటది. నువ్వయితే ఊకుంటవా?"

కొన్నాళ్ళకు చాందిని తనే వచ్చి జీను పక్కన నిలబడింది. ఆ రోజు దుకాణానికి వచ్చిన పిల్లలందరికీ ఆయన పిప్పరమెంట్లు పంచాడు.

ఆ ఏడే నాకు సంబంధం వచ్చింది. సురేష్, అహేరిలో బడిపంతులు. చూపులు అరగంటలో ముగిశాయి. అతని గొంతు కూడా నాకు సరిగా వినిపించలేదు గానీ, సరే అనమని ఇంటిల్లిపాదీ నా వెంటపడ్డారు. చాటుగా ఏడ్చేదాన్ని. సేటు ఒకరోజు మా నాన్న దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "పిల్లను జర చూసుకోనియ్యి మల్లేశూ. ఇద్దరిని మా దుకాణంల మాట్లాడుకోనియ్యి, నేనాడనే ఉంట," అన్నాడు. నాన్న కాదనలేకపోయాడు. అలా పప్పు బస్తాల మధ్య కొన్ని ఆదివారాలు మాట్లాడుకున్నాక సరే అన్నాను. అయినా లోపల బెరుకు పోలేదు. దుకాణంలో కూర్చుని తీయగా మాట్లాడటం ఎవరికైనా వస్తుంది. నలుగురిలో పంతానికి వస్తే మనిషి ఎలాంటివాడో ఎలా తెలుస్తుంది?

పెళ్ళినాడు వరుడు చాందిని మీదే వచ్చాడు. పందిరి ముందు మురికి కాలువ మీద చెక్కలు పరిచి, పైన ఎర్ర తివాచీ వేశారు. చాందిని అక్కడ ఆగిపోయింది. బ్యాండు ఆగింది. ముహూర్తం దగ్గరపడుతోంది. "రెండు తగిలియ్యి, అదే నడుస్తది," అంటూ సురేష్ పెదనాన్న కర్ర అందించాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ముహూర్తం సంగతి నాకు పట్టలేదు. గుర్రం మీది మనిషి ఆ కర్ర అందుకుంటాడా అన్నదొక్కటే నాకు కావాలి.

సేటు చాందిని చెంప పక్కన తల పెట్టి, అది చూస్తున్నవైపే చూశాడు. "దీనికిది నేల లెక్క కనిపిస్తలేదు," అని తివాచీ చుట్టేయసాగాడు. అప్పుడు సురేష్ కిందికి దిగాడు.

"కర్ర పక్కకు పెట్టు పెద్దబాపు. ముందుగాల నేను నడుస్త, అది చూసి వస్తది."

జారే తలపాగా పట్టుకుని, ఆ చెక్కల మీద అటూ ఇటూ నడిచి చూపించాడు. చాందిని మూతి వంచి వాసన చూసింది, గిట్టతో తట్టింది, నడిచింది. అక్కడితో ఆగక నేరుగా పందిట్లోకి వచ్చి అక్షింతల పళ్ళెంలో మూతి పెట్టింది. పంతులుగారు లబోదిబోమన్నారు. పెళ్ళికూతురినన్న మాటే మరిచి పగలబడి నవ్వాను. నా బెరుకంతా ఆ నవ్వుతోనే పోయింది.

సేటు ఇప్పుడు లేడు. ఇవాళ బడి గేటు దగ్గర మా పాప ఆగిపోయింది. ఎత్తుకుని లోపల దింపేస్తే క్షణం పని. పక్కన గొంతుకూర్చుని, పాప చూస్తున్నవైపే చూశాను. అక్కడినుంచి అన్నీ పెద్దవాళ్ళ కాళ్ళే, ఒక్క మొహమూ లేదు. నాకే భయమేసింది.

"టైమయితున్నదమ్మా," అంది బడి ఆయమ్మ.

"జర చూసుకోనియ్యి," అన్నాను.

గేటు దాటి లోపల నేల మీద కూర్చుని, డబ్బాలోంచి కొన్ని శనగలు తీసి అరచేయి చాపాను. పాప కాసేపు చూసింది. గేటు ఊచను ఒకసారి తట్టింది. తర్వాత తనే నడిచి వచ్చి, శనగలన్నీ తినేసి, నన్ను ఇంటికి పొమ్మంది.