చేపల ఐసు మీద గడ్డకట్టిన కాఫీ పుడ్డింగు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మధురవాడలోని మా ఫ్లాటులో, భోజనం చేసి నడుం వాల్చానో లేదో, వంటగదిలోంచి కాఫీ వాసన వచ్చి ముక్కు పట్టుకుని మంచం మీంచి లేపింది. వెళ్లి చూస్తే మా అమ్మాయి. ఫోనుని పోపులడబ్బాకి ఆనించి పెట్టుకుని, అందులో ఎవరో చెబుతున్నట్టల్లా కాఫీ పొడీ, పంచదారా, చెంచాడు వేడినీళ్లూ వేసి గిలక్కొడుతోంది. చూస్తుండగానే అది కొండ మీద మబ్బులా పొంగింది. ప్యాకెట్లోంచి క్రీము, అప్పడాలకర్రతో నలిపిన బిస్కెట్లు, వరసగా గాజు గ్లాసులు, ఒక పొర ఇదీ ఒక పొర అదీ. పొయ్యి వెలిగించలేదు, చెమట పట్టలేదు, ఎవరినీ తిట్టలేదు. రెండు తలుపుల ఫ్రిజ్ తెరిచి, బెండకాయల పక్కన గ్లాసులు సర్దేసి, "అయిపోయింది నాన్నా" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. కన్నకూతురిని చూసి కుళ్లుకున్న తండ్రి ఈ ఊళ్లో ఇంకొకడుంటే వచ్చి నా పక్కన కూర్చోవచ్చు, సోఫాలో చోటుంది.

ఎందుకంటే సరిగ్గా ఇలాంటి పుడ్డింగు కోసం నేను చిన్నప్పుడు ఒక వేసవంతా ఏడ్చాను. మాది స్టీలు టౌన్‌షిప్పులో కింది వాటా క్వార్టరు. గోడలు కూడా బనీన్లు విప్పి కూర్చోవాలనుకునేంత ఉక్కపోత, గాలి ఫ్యాక్టరీ వైపు నుంచి తిరిగితే ఆరేసిన పంచెల మీద ఎర్రటి దుమ్ము, మధ్యాహ్నం పూట కరెంటు పోతే వీధి వీధంతా వేపచెట్ల కిందకి చేరి విసనకర్రలతో యుద్ధం. మా నాన్నది ఫర్నేసులో పని. రోజూ ఏనుగులంత ఇనుమును నీళ్లలా కరిగించి వచ్చే మనిషి ఇంట్లో ఒక గిన్నెడు పాలమీగడను గడ్డకట్టించలేకపోయాడు. మాకు ఫ్రిజ్ లేదు మరి.

పక్క వాటాలో ఉంది. అది గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం, వాళ్లబ్బాయి చంటిగాడు నా ఈడువాడు. వాళ్లమ్మగారిని నేను అత్తయ్యగారూ అనేవాణ్ణి. వాళ్ల ఫ్రిజ్ కూడా గోదావరి మర్యాద తెలిసినదే, తలుపు తీసినప్పుడల్లా లోపల దీపం వెలిగించి ఆహ్వానించేది. వాళ్లకి ఊరి నుంచి పూతరేకులు వచ్చేవి, మాకు తాటితేగలు వచ్చేవి. వాడికి చక్రాల బండి, నాకు చక్రాలు ఊడిన బండి. ఇవన్నీ ఎలాగో దిగమింగుకున్నాను కానీ కాఫీ పుడ్డింగు మాత్రం మింగుడుపడలేదు. అత్తయ్యగారు ఏదో వారపత్రికలో చూసి నేర్చుకున్నారట. చిక్కటి డికాషన్‌లో గుండ్రటి బిస్కెట్లు ముంచి, పంచదార వేసి గిలక్కొట్టిన మీగడతో పొరలు పొరలుగా పరిచి, పొద్దున్నే ఫ్రిజ్‌లో పెడితే సాయంత్రానికి కత్తితో కోసుకునేంత గట్టిపడేది.

ఇందులో ఇంకో మంట కూడా ఉంది. మా ఇంట్లో పిల్లలకి కాఫీ నిషేధం. తాగితే నల్లబడిపోతామని మా అమ్మమ్మ శాసనం. అప్పటికే నేను పెనం పక్కన నిలబడితే ఏది పెనమో చెప్పలేని రంగులో ఉండేవాణ్ణి, ఇక నల్లబడడానికి జాగా ఎక్కడుందని అడిగితే వినేవాళ్లు లేరు. చంటిగాడేమో కాఫీని తాగడం కాదు, చెంచాతో ముక్కలు ముక్కలుగా తినేవాడు, అయినా బియ్యప్పిండిలా తెల్లగా ఉండేవాడు. సాయంత్రం ఏడు పెంకులాట మధ్యలో గిన్నె పట్టుకుని మా మెట్ల మీదే కూర్చుని, చెంచాని అటూ ఇటూ తిప్పి నాకుతూ, "మీ ఇంట్లో చెయ్యరేంట్రా?" అనేవాడు. అడిగితే పెట్టేవాడే, అత్తయ్యగారూ పిలిచి మరీ పెట్టేవారు. నాకు కావలసింది పుడ్డింగు కాదు. అది మా ఇంట్లో పుట్టాలి, దాన్ని చూసి వాడు ఏడవాలి. ఒక్కసారి, ఒక్క సాయంత్రం, ఆ వీధిలో ఎవరో ఒకరు మమ్మల్ని చూసి కుళ్లుకోవాలి. దేవుణ్ణి నేను వేరే ఏమీ అడగలేదు.

నా గోల భరించలేక అమ్మ ఒప్పుకుంది. గడ్డకట్టించడం ఎలాగన్నదే ప్రశ్న. అమ్మ తమ్ముడు అప్పన్న మావయ్య ఫిషింగ్ హార్బరులో పనిచేసేవాడు. భోజనానికి వచ్చి సంగతి విన్నాడు.

"దీనికేటక్కా ఇంత ఆలోసన? ఐసే కదా కావాల? మా జెట్టీ కాడ ఐసు కొండల్లాగ పడుంటాది. రేపు తెత్తాను."

"బస్సులో కరిగిపోదేట్రా?"

"నాను తెత్తానంటే కరగడానికి దానికెన్ని గుండెలు?"

మర్నాడు తెచ్చాడు. గోనెసంచిలో ఊక పోసి, ఊకలో ఐసు దిమ్మ పెట్టి, ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని ఊరంతా దాటి వచ్చాడు. సగం దిమ్మ కండక్టరు కాళ్ల మీదా, మిగతాదాంట్లో సగం మావయ్య లుంగీలోనూ కరిగిపోగా మిగిలినదాన్ని రోకలితో పగలగొట్టి, నీళ్లకాగులో పోసి, రాళ్లుప్పు చల్లి, మధ్యలో పుడ్డింగు గిన్నె మూతపెట్టి దించి, పైన మా తాతగారి కంబళి కప్పాం. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఒక కాగుకి జ్వరం వచ్చినట్టు కంబళి కప్పి, చుట్టూ కూర్చుని కాపలా కాసిన కుటుంబం చరిత్రలో మాదొక్కటే అయ్యుంటుంది.

ఆ దిమ్మ అంతకుముందు రెండు రోజులు రొయ్యలకీ వంజరాలకీ పరుపుగా ఉందన్న సంగతి మావయ్యకి తెలుసు. కానీ హార్బరులో పనిచేసే ముక్కుకి అది వాసన కిందకి రాదు. మాకు మూత తీశాకే తెలిసింది. పుడ్డింగు గట్టిపడింది, అందంగా ఉంది, వాసనలో మాత్రం కాఫీతో పాటు సగం సముద్రం ఉంది. అమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"ఓలమ్మో! పారబొయ్యాల్రా ఇది."

నేను గిన్నె మీద పడ్డాను. అప్పటికే చంటిగాణ్ణీ అత్తయ్యగారినీ పిలిచేశానని చెప్పాను. చెబుతుండగానే వాళ్లు గుమ్మంలోకి వచ్చేశారు. వచ్చింది ఎవరు? ఇంట్లో కోడిగుడ్డు కూడా ఎరగని మనుషులు. అమ్మ గిన్నె దాచేలోపే చంటిగాడు చెంచా ముంచేశాడు, మర్యాద కోసం అత్తయ్యగారూ కొంచెం రుచి చూశారు.

వీధిలో ఎక్కడ చేపల పులుసు ఉడికినా గుర్తుపట్టగలిగినావిడే. కానీ ఆ పచ్చి చేప వాసన చల్లబడి, మీగడలో మునిగి, డికాషన్ చాటునుంచి వస్తే పాపం ఎవరు మాత్రం పోల్చుకోగలరు?

"వదినగారూ, ఇందులో ఏదో ఉందండీ! మా దాంట్లో లేదు. కాఫీ పొడి ఎక్కడ కొన్నారండీ?" అన్నారు.

చంటిగాడు రెండో చెంచా తిన్నాడు, మూడోది తిన్నాడు, ఆపైన ఆగి వాళ్లమ్మ వైపు తిరిగాడు. వాడి కింది పెదవి వణుకుతోంది.

"మనింట్లో ఇలా ఎందుకు చెయ్యవమ్మా? ఎప్పుడూ మనదే బాగోదు!"

ఆ పెదవిని నేను ఈ రోజుకీ మరచిపోలేదు. ఉక్కు కర్మాగారం సైరన్లన్నీ నా కోసమే మోగినట్టనిపించింది. నా ఛాతీ ఎంత ఉబ్బిందంటే చొక్కా గుండీ ఒకటి ఎగిరి వెళ్లి కాగులో పడిందని చెబితే మీరు నమ్మరు కానీ, పడింది.

అమ్మ ఒక్క మాట దాస్తే ఆ గెలుపు నాకు శాశ్వతం అయిపోయేది. కొంగు పట్టుకు లాగాను, గిల్లాను, కళ్లతో కాళ్లు పట్టుకున్నాను. అమ్మ నన్ను పక్కకి నెట్టింది.

"వదినా, ఇంక తినకండి. మీకు సెప్పకపోతే నాకు నిద్దర పట్టదు. అది సేపల ఐసండి. ఐసు బయటే ఉంది, లోనికి పోనేదు. వాసనే పట్టీసినాది. మా తమ్ముడు తెలీక తెచ్చీసినాడు."

అత్తయ్యగారి చెంచా గాలిలో ఆగిపోయింది. ఆవిడ మెల్లిగా లేచి, పెరట్లో కుళాయి దగ్గరికెళ్లి, చాలాసేపు నోరు పుక్కిలించారు. అమ్మ మొహంలో నెత్తురు లేదు. మావయ్య తన చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఆవిడ తిరిగొచ్చి, కొంగుతో మూతి తుడుచుకుని, చాప మీద మళ్లీ అక్కడే కూర్చున్నారు.

"వదినగారూ, ఈసారి గిన్నె తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టుకోండి. చెయ్యడం మీదీ, చల్లదనం మాదీ. తమ్ముడుగారికి మాత్రం చెప్పకండి, మళ్లీ ఐసు మోసుకొస్తారు."

అమ్మ నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుంది. ఈ మాటలేవీ పట్టని చంటిగాడు అప్పటికి గిన్నె అడుగు గీకుతున్నాడు.

ఆ తర్వాత ప్రతి వేసవీ మా పుడ్డింగు వాళ్ల ఫ్రిజ్‌లోనే గడ్డకట్టింది. అచ్చం వాళ్ల పుడ్డింగులాగే ఉండేది. తిన్నప్పుడల్లా చంటిగాడు "అప్పటి రుచి రాలేదురా" అని నిట్టూర్చేవాడు. అంతటితో నా కుళ్లుకీ, వాడి కుళ్లుకీ ఆధారం లేకుండా పోయింది.

ఇప్పుడు అమ్మా లేదు, అత్తయ్యగారూ లేరు. తలుపులు తెరుచుకుని ఒకరి వంట ఒకరు వాసన చూసే ఆ వాటాల్లాంటివి మా అపార్టుమెంటులో లేవు. అయినా పాత బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ ఆదివారం సాయంత్రమే మా అమ్మాయి చేసిన గ్లాసుల్లో ఒకటి ట్రేలో పెట్టుకుని, కావాలనే పైన కాస్త చాక్లెట్ పొడి కూడా చల్లి, ఎదురు ఫ్లాటు బెల్లు కొట్టాను. అందులో ఎవరుంటారో అప్పటిదాకా నాకు తెలియదు. ఒక అమ్మాయి తలుపు తీసి, "థాంక్స్ అంకుల్" అని తీసుకుని, తలుపు వేసుకుంది. కాసేపాగి ఖాళీ గ్లాసు ఇవ్వడానికి వచ్చింది. నేను గుమ్మంలోనే కాచుకుని ఉన్నాను.

"ఎలా ఉందమ్మా?"

"సూపర్ అంకుల్. మా తమ్ముడికి కూడా కావాలంటే ఫోన్లో ఆర్డర్ పెట్టేశాం. టీవీలో యాడ్స్ అయ్యేలోపు వచ్చేసింది. సేమ్ టేస్ట్!"

ఇక వాడి పెదవి వణకడానికి వ్యవధి ఎక్కడిది? వేసవంతా కుళ్లుకోవలసిన కుర్రాడికి ప్రకటనలు అయ్యేలోపు డబ్బా చేతికొచ్చింది. కింద గేటు దగ్గర ఆ డబ్బా తెచ్చిన బైకు అప్పుడే తిరిగి వెళ్లిపోతోంది.

గ్లాసుతో లోపలికి వచ్చాను. మా అమ్మాయి వంటగది గుమ్మంలో నిలబడి ఉంది, చేతికింకా క్రీము అంటుకునే ఉంది.

"ఏమన్నారు నాన్నా?"

"ఏమంటారమ్మా! ఎదురింటివాళ్లు కుళ్లి చస్తున్నారు" అన్నాను.

దాని మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నాకు మళ్లీ కళ్లు కుట్టాయి.