కింది నాలుగు లైన్లు

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. అయినా చెబుతాను. మా పత్రిక చరిత్ర రాసింది నేనే, దాన్ని చెడగొట్టిందీ నేనే.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. వార్షికోత్సవానికి ప్రత్యేక పేజీ వేస్తున్నామని, పాత ఫైళ్లు తిరగేసి పత్రిక చరిత్ర రాయమని డెస్క్‌లో పనిచేసే నాకు అప్పగించారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట్లో ఈ మాట చెప్పగానే నాయన చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టాడు. అరవై తొమ్మిది నాటి తొలి ఉద్యమంలో ఆయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, పోలీసు కాల్పుల్లో పోయాడు. మర్నాడు మా పత్రిక ‘గుర్తు తెలియని యువకుడి మృతి’ అని వేసింది. నాయన నల్లగొండ పల్లె నుంచి బస్సెక్కి వచ్చి, ఆఫీసులో తమ్ముడి పేరు చెప్పాడట. పాత వార్త మళ్లీ వేయడం కుదరదన్నారట. అయినా ఇన్నేళ్లూ ఆ పత్రికే తెప్పించుకున్నాడు, అదేం పంతమో!

“వాని పేరొక్కటి ఎక్కియ్యి బిడ్డా,” అన్నాడు. జీవితంలో ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

ఫైల్లో ఆ వార్త దొరికింది. పక్కనున్న సినిమా ప్రకటన దానికి నాలుగింతలుంది. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. రోజూ చావు వార్తలకు హెడ్డింగులు పెట్టీ పెట్టీ మొద్దుబారిపోయాను. చిన్నాయన పేరూ ఊరూ చివరి పేరాలో రాశాను. చివరి మాటైతే మనసులో నిలుస్తుందని నా తెలివి.

పేజీ వెళ్లాల్సిన రోజు, తెల్లారితే బంద్ అన్నారు. అలాంటప్పుడు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో మొదలవకముందే మా పేపరు వ్యాన్లు దాటిపోవాలి. అందుకని పేజీలన్నీ తొందరగా పంపేస్తాం. నా పేజీలో నాలుగు లైన్లు ఎక్కువయ్యాయి. ఎక్కువైతే కింది నుంచి కోయడం మా పద్ధతి. ఏళ్ల అలవాటు, చూడకుండానే కోసేశాను. ఏం కోశానో తెలిసేసరికి పేజీ కింది అంతస్తులోని ప్రెస్సుకు వెళ్లిపోయింది. కిందికి పరుగెత్తితే ఆపించవచ్చు. కుర్చీలోనే కూర్చున్నాను.

పొద్దున నాయన ఆ పేజీ వేలు పెట్టి చివరిదాకా చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు, మళ్లీ ముందుకు తిప్పాడు. స్థలం చాలలేదని చెప్పాను.

“గప్పుడంటే ఆడ మనోళ్లెవ్వరూ లేరు,” అన్నాడు. “గిప్పుడు నువ్వుంటివి గద.”